గీత దాటి ఆగిన కారు

మేరీలాండు రాష్ట్రమునకును పెన్సిల్వేనియా రాష్ట్రమునకును నడుమ తూర్పుపడమరలుగా సాగిన యెల్లగీత యొకటి కలదు. పెన్, కాల్వర్టు వంశములవారి నడుమ తరతరములుగా నలుగుచున్న భూవివాదమును తీర్చుటకై 1763లో ఇంగ్లండునుండి వచ్చిన చార్లెస్ మేసన్, జెరిమయా డిక్సన్ అనువారు రాత్రులు నక్షత్రములను చూచి, పగళ్లు గొలుసులు పరపించి, అడ్డమువచ్చిన అడవులను నరికించి, 1767 వరకు శ్రమపడి ఆ గీతను గీచిరి. మైలుమైలునకు ఇంగ్లండునుండి తెప్పించిన సున్నపురాతి స్తంభము నొకదానిని నాటి, దాని దక్షిణముఖమున ‘ఎమ్’ అను నక్షరమును, ఉత్తరముఖమున ‘పి’ అను నక్షరమును చెక్కించిరి. ఆ రాళ్లలో పెక్కులు నేటికిని పొలముగట్ల మీదను, పొదల నడుమను నిలిచియున్నవి. 2024 వేసవిలో నేను ఫ్రెడరిక్కు పట్టణమున కొన్నాళ్లు అతిథిగా ఉన్నపుడు ఆ గీతను గురించి ఒక మధ్యాహ్నమంతయు సాగిన వాదమును విన్నాను. అప్పటినుండి అది నా మనస్సును వదలలేదు.

నాకు ఆతిథ్యమిచ్చిన గృహిణి మనోవైద్యురాలు. గుంటూరున వైద్యవిద్య ముగించి, అమెరికాలో మరల శిక్షణ పొంది, మేరీలాండు లైసెన్సుతో పదునైదేండ్లుగా వృత్తి సాగించుచున్నది. ఆ వారము ఆమె మేనమామగారును అచటనే ఉండిరి. ఆయన వెస్టు వర్జీనియా దక్షిణభాగమున, బొగ్గుగనుల కొండలలో, ముప్పదియేండ్లకు పైగా సాధారణవైద్యము చేసి, తమ ఆసుపత్రిలో తోటివైద్యుల తప్పొప్పులను విచారించు సంఘమున చిరకాలము సభ్యులై, ఇప్పుడు విశ్రాంతి ననుభవించుచున్నవారు. ఇరువురిదియు ఒకే వృత్తి, ఒకే కుటుంబము. అయినను, వైద్యుడు తన రాష్ట్రమున కూర్చుండి పొరుగురాష్ట్రపు రోగిని వీడియోలో చూచుటకు అనుమతించు చట్టములు రావలెనా వలదా అను విషయమున మాత్రము వారికి పొత్తు కుదరదు.

మాట నెత్తుకొన్నది మేనకోడలు. “మామయ్యా, నావద్దకు వచ్చు ఒక తల్లిని గురించి చెప్పెదను, పేరు చెప్పను, ఊరు చెప్పను. ఆమెకు డెబ్బదియేండ్లు. భర్త పోయిన పిమ్మట పెన్సిల్వేనియాలోని కొడుకు ఇంటికి వచ్చినది. తెలుగు తప్ప మరియొక భాష రాదు. నిద్ర పట్టదు, అన్నము సయింపదు. తెల్లవారుజామున లేచి, దీపమైనను వేసికొనక, వంటగదిలో ఒంటరిగా కూర్చుండును. ఆ యూరి డాక్టరు మంచివాడే. కాని ఆయనకును ఆమెకును నడుమ దుబాసీ కొడుకే గదా! కన్నకొడుకును ఎదుట కూర్చుండబెట్టుకొని, ‘నాకిక బ్రతుకవలెనని లేదు’ అని ఏ తల్లి చెప్పగలదు? చెప్పినను ఆ మాటను ఏ కొడుకు ఇంగ్లీషులోనికి మార్చి పలుకగలడు? వెదకి వెదకి ఆ యబ్బాయి నన్ను పట్టుకొనెను. నాకు పెన్సిల్వేనియా లైసెన్సు లేదు. రోగి ఎక్కడ ఉండునో వైద్యము అక్కడనే జరిగినట్లు లెక్క అని ఈ దేశపు న్యాయము. అందుచేత అతడు రెండు వారములకొకసారి ఆఫీసుకు సెలవు పెట్టి, తల్లిని కారులో కూర్చుండబెట్టుకొని, ముప్పావుగంట ప్రయాణము చేసి, గీత దాటిన వెంటనే ఒక దుకాణము ముందరి ఖాళీస్థలమున కారు నాపి, ఫోను ఆమె చేతికిచ్చి, తాను దిగి దూరముగా పోయి నిలుచుండును. అప్పుడామె నాతో మాటలాడును. ఆ కారు నూరడుగులు ఉత్తరమున ఆగినచో నేను చట్టవిరుద్ధముగా వైద్యము చేసినదానను. నూరడుగులు దక్షిణమున ఆగినచో నేను డాక్టరును. ఆ నూరడుగులలో నా చదువు పెరిగినదా, ఆమె వ్యాధి మారినదా?”

మామగారు వెంటనే బదులు పలుకలేదు. చేతిలోని కాఫీగ్లాసును బల్లమీద పెట్టి, “ఆ యబ్బాయికి నేను నమస్కరింపవలెను” అనిరి. ఆ మాటలో ఎత్తిపొడుపు లేదు. పిమ్మట, “నీ చదువు పెరుగలేదమ్మాయీ, నిజమే. కాని నీవు తప్పు చేసినచో ఆ తల్లి ఎవరి గడప త్రొక్కవలెనో, అది మారినది. లైసెన్సు అను కాగితమును మీ తరమువారు డాక్టరు మెడలోని పతకమని తలచుచున్నారు. అది రోగి చేతిలోని ఫిర్యాదుపత్రము. మా వెస్టు వర్జీనియాలో పుట్టిన వ్యాజ్యమొకటి చెప్పెదను వినుము” అని మొదలుపెట్టిరి.

ఆ కథను ఆయన ఎంత ప్రీతితో చెప్పిరో నేను మరువలేను. 1882లో ఆ రాష్ట్రపు శాసనసభ, వైద్యము చేయగోరువాడు పేరుగన్న కళాశాల పట్టమైనను, పదేండ్ల యెడతెగని అనుభవమైనను చూపవలెను, లేదా బోర్డువారి పరీక్షలో నెగ్గవలెను అని చట్టము చేసెను. డెంటు అను నాతడు అప్పటికి ఆరేండ్లుగా వైద్యము చేయుచుండెను. సిన్సినాటిలోని యొక కళాశాల పట్టమును చూపెను. బోర్డు దానిని త్రోసివేసెను. అయినను అతడు వైద్యము మానలేదు. ఏబది డాలర్ల జరిమానా పడెను. అతడు దేశపు సుప్రీంకోర్టు వరకు పోరాడెను. 1889లో న్యాయమూర్తి స్టీఫెన్ ఫీల్డు తీర్పు వ్రాయుచు, వైద్యునితో పని ఎవరికైనను పడవచ్చును గాని అతని విద్యను తూచగలవారు బహుకొద్దిమంది యనియు, సామాన్యుడు నమ్ముకొనవలసినది లైసెన్సు ఇచ్చు భరోసానే యనియు, ఆ భరోసా నిచ్చు అధికారము రాష్ట్రమున కున్నదనియు తేల్చెను. నేడు దేశమంతటను డెబ్బదికి దగ్గరగా వైద్యమండలులు నిలిచియున్నవన్న, ఆ తీర్పే వాని పునాది.

“ఆ తీర్పు నాకును పూజ్యమే” అని మేనకోడలు అనెను. “కాని మామయ్యా, ఆనాడు కళాశాలకొక శాస్త్రము, ఊరికొక వైద్యము. 1910లో ఫ్లెక్స్నరు మహాశయుడు నూట యేబదియైదు వైద్యకళాశాలలను తిరిగి చూచి వ్రాసిన నివేదికలో ఎన్ని పేరునకే కళాశాలలో బయటపడినది మీరే నాకు చెప్పితిరి. ఇప్పుడు అట్లున్నదా? 1992నుండి దేశమంతటికిని ఒకే లైసెన్సు పరీక్ష. రెసిడెన్సీ శిక్షణకు ఒకే గుర్తింపుసంఘము. గుంటూరునుండి వచ్చిన నేను వ్రాసిన పరీక్షయే బోస్టనులో పుట్టినవాడును వ్రాసెను. పెన్సిల్వేనియా బోర్డు నన్ను క్రొత్తగా పరీక్షించునది ఏమియు లేదు. మేరీలాండు చూచిన కాగితములనే మరల చూచును, మరల రుసుము తీసికొనును. 2020 మార్చిలో మహమ్మారి వచ్చినపుడు గవర్నర్లు వరుసగా సంతకములు చేసి ఈ గీతలను సడలించిరి గదా! అప్పుడు మేమందరము ఏ రాష్ట్రపు రోగులనైనను చూచితిమి. ఏడాది, రెండేడులు గడచునప్పటికి ఒక్కొక్క సడలింపును ముగిసిపోయినది. 2021లో వర్జీనియావారు పొటోమాక్ నది దాటి, మేరీలాండు గడ్డమీద కార్లాపుకొని, తమ డాక్టర్లతో ఫోనులో మాటలాడుచున్నారని పత్రికలలో మీరును చదివితిరి. ఆ తరువాత ఆ రెండు రాష్ట్రముల బోర్డులును, వాషింగ్టను నగరపు బోర్డును కూడబలుకుకొని ఒకరి డాక్టర్లకు ఒకరు త్వరగా లైసెన్సులిచ్చు ఏర్పాటు చేసికొన్నవి. అది మంచిదే. కాని ఉత్తరపు గీత అట్లే ఉన్నది. పెన్సిల్వేనియా 2016లోనే అంతర్రాష్ట్ర ఒడంబడికలో చేరుచు చట్టము చేసెను. డాక్టర్ల నేరచరిత్రల పరిశీలనకు ఎఫ్.బి.ఐ. సమ్మతి కుదరక అమలు ఏండ్ల తరబడి కుంటుపడినది. ఎనిమిదేండ్లు, మామయ్యా! ఆ తల్లికి ఎనిమిదేండ్లు ఉన్నవో లేవో!”

ఇచట ఆ ఒడంబడికను గురించి రెండు మాటలు చెప్పవలెను. వైద్యులకొరకు 2014లో ముసాయిదా సిద్ధమై, 2015లో రాష్ట్రములు ఆమోదింప మొదలిడి, 2017నుండి పని చేయుచున్న అంతర్రాష్ట్ర లైసెన్సు ఒడంబడికలో 2024 నాటికి దాదాపు నలుబది రాష్ట్రములు చేరియున్నవి. కాలిఫోర్నియా, న్యూయార్కు చేరలేదు. అయితే అది ఒక లైసెన్సుతో అన్నిచోట్లను వైద్యము చేయనిచ్చునది కాదు. ఒకే దరఖాస్తుతో పెక్కు లైసెన్సులను తొందరగా తెప్పించునది మాత్రమే. ఏడునూరు డాలర్లు మొదట చెల్లించి, ఆపై రాష్ట్రరాష్ట్రమునకు వేరువేరు రుసుము కట్టి, గడువు తీరినపుడెల్ల వేరువేరుగా కొనసాగించుకొనవలెను. నర్సుల ఒడంబడిక అట్టిది కాదు. అందు చేరిన రాష్ట్రములన్నింటను, కారు నడుపువాని లైసెన్సువలె, సొంతరాష్ట్రపు లైసెన్సు ఒక్కటియే చెల్లును. మనస్తత్త్వ చికిత్సకులకును 2020నుండి అట్టి ఏర్పాటే ఉన్నది. “నర్సమ్మకు చాలిన నమ్మకము డాక్టరమ్మకు ఏల చాలదు?” అని ఆమె అడిగినపుడు నాకును అదే ప్రశ్న పుట్టినది.

మామగారు ఆ ప్రశ్నకు ఋజువుగా సమాధానము చెప్పక, కిటికీవైపు చూచుచు, “నేను కెర్మిట్ అను ఊరికి పొరుగున పని చేసితిని” అనిరి. గొంతు తగ్గినది. “మింగో కౌంటీలోని పల్లె అది, నాలుగువందల జనము. ఆ పల్లెలోని ఒక్క మందులదుకాణమునకు రెండేండ్లలో దాదాపు తొంబదిలక్షల హైడ్రోకోడోను అను మత్తుకలిగించు నొప్పిమాత్రలు వచ్చినవి. ఛార్లెస్టను పత్రిక ఆ లెక్కలను బయటపెట్టినది. ఆ రచనకు 2017లో పులిట్జరు బహుమానము వచ్చినది. బహుమానము వచ్చునాటికి నేను పురుడు పోసిన పిల్లలలో కొందరిని పూడ్చిపెట్టియుండిరి. ఫ్లోరిడాలోని నొప్పుల క్లినిక్కులకు మావారు కార్లలో గుంపులుగా పోయి మాత్రలు తెచ్చుకొనెడివారు. ఎక్కడనో కూర్చున్న డాక్టరునకు మా కొండవాని ముఖము తెలియదు, వాని తల్లి తెలియదు. వాని తమ్ముడు పోయిన నెలలోనే ఆ మాత్రలవలననే పోయెనని తెలియదు. నాకు తెలియును. ఇరుగుపొరుగున ఉన్న డాక్టరునకు సిగ్గనునది యొకటి ఉండును, అమ్మాయీ. దుకాణములో ఎదురుపడవలెను గదా! వేయిమైళ్ల దూరమునుండి మందు వ్రాయువానికి ఆ సిగ్గు ఎచ్చటినుండి వచ్చును? 2001లో కాలిఫోర్నియాలో రయాన్ హైట్ అను పదునెనిమిదేండ్ల కుర్రవాడు, తనను ఎన్నడును చూడని డాక్టరు వ్రాసిన మాత్రలను ఇంటర్నెట్టులో తెప్పించుకొని చనిపోయెను. ముందుగా ముఖాముఖిని పరీక్షింపక అట్టి మత్తుమందులను ఇంటర్నెట్టు ద్వారా వ్రాయరాదని 2008లో ఆ బాలుని పేరనే ఫెడరల్ చట్టము వచ్చినది. మహమ్మారినాడు దానిని సడలించిరి. ఆ సడలింపును మరల మరల పొడిగించుచున్నారు. నాకు భయముగా ఉన్నది.”

కొంతసేపు ఎవరును మాటలాడలేదు. మేనకోడలు లేచి ఆయన గ్లాసు నిండించి వచ్చినది. ఆయన దుఃఖమును ఆమె చిన్నబుచ్చలేదు. కాని వాదమును విడువనులేదు. “మామయ్యా, ఫ్లోరిడా క్లినిక్కులలో మీవారిని చూచిన డాక్టర్లు వీడియోలో చూడలేదు, ఎదుట కూర్చుండి చూచిరి. వారందరికిని ఫ్లోరిడా లైసెన్సులు ఉన్నవి. కెర్మిటునకు మాత్రలు సరఫరా చేసినవారికిని అనుమతిపత్రములు ఉన్నవి. ఆ గీత, ఆ బోర్డు, ఆ ముఖాముఖి, మూడును ఉండగానే ఆ ఘోరము జరిగినది. ఇప్పుడదే కొండలలో ఆ మాత్రల వ్యసనమునుండి బయటపడగోరువానికి బ్యూప్రెనార్ఫిను వ్రాయు వైద్యుడు దగ్గరలో దొరకని పల్లెలు ఎన్ని యున్నవో మీకు తెలియును. వానికి ఫోనులోనైన దొరకు వైద్యుడే గతి. విషము వచ్చుటకు ఏ గీతయు అడ్డము కాలేదు. విరుగుడు వచ్చునపుడు మాత్రము గీత గుర్తువచ్చుచున్నది!”

ఆ దెబ్బకు మామగారు తల యూచిరి. అయినను, “స్వాంగో మాటయేమి?” అనిరి. మైకేల్ స్వాంగో అను డాక్టరు కథ అమెరికా వైద్యలోకమునకు సిగ్గుచేటైన కథ. తోటి ఉద్యోగులకు ఆర్సెనిక్ కలిపి పెట్టినందుకు 1985లో ఇల్లినాయి రాష్ట్రమున శిక్షపడినవాడు, చెరనుండి వెలువడి, 1992లో దక్షిణ డకోటాలోను, 1993లో న్యూయార్కులోను మరల ఆసుపత్రులలో ప్రవేశము సంపాదించెను. కడకు 2000లో రోగులను చంపినట్లు కోర్టులో ఒప్పుకొనెను. “ఎల్లలు ఉండగానే అట్టివాడు ఇన్ని చోట్ల తిరిగెను, ఎల్లలను తుడిచివేసినచో?” అని ఆయన ప్రశ్న. “ఎల్లలు ఉండుటచేతనే తిరిగెను” అని ఆమె సమాధానము. “ఒక రాష్ట్రమున మెడలో పడిన ఉచ్చు రెండవ రాష్ట్రమునకు కనబడలేదు. గీత దాటి రావలసినది రికార్డు. అది రాలేదు, మనిషి వచ్చెను.”

ఈ విషయమున నాకు మేనకోడలి మాటయే సబబుగా తోచినది. కాని మామగారు దానికి చేర్చిన మాటయు త్రోసివేయదగినది కాదు. డాక్టర్లమీది శిక్షలను, నష్టపరిహారములను నమోదు చేయు జాతీయ సమాచారనిధి 1990నుండి ఉన్నది. ఆసుపత్రులును బోర్డులును దానిని చూడవచ్చును. రోగి మాత్రము చూడరాదు. పొరుగుననున్న డాక్టరు మంచిచెడ్డలు ఊరివారి నోట వినవచ్చును. తెరమీది డాక్టరును గూర్చి ఎవరిని అడుగవలెను? ఊరును లేదు, నిధి తలుపును తెరువబడదు.

ఆయన మరియొక చిక్కు తెచ్చిరి. దానిని నేనంతవరకు ఎరుగను. “నీ తెరమీద ఆ తల్లి, ‘మాత్రలన్నియు మ్రింగితిని’ అని చెప్పినదనుకొనుము. నీవు 911కు ఫోను చేయుదువు. ఆ ఫోను ఎవరెత్తుదురు? ఫ్రెడరిక్కు కౌంటీవారు! వారికి పెన్సిల్వేనియా వీధి యేమి తెలియును?” మేనకోడలు దానికి సిద్ధముగానే ఉండెను. ప్రతి సంభాషణకును ముందు, రోగి ఆ క్షణమున ఉన్నచోటు, ఆ యూరి అత్యవసరసేవల నేరు నెంబరు, దగ్గరనున్న మనిషి పేరు వ్రాసికొనిన పిదపనే తాను నోరు విప్పుదునని చెప్పినది. “అది నీవు వ్రాసికొందువు. చట్టము అందరిచేతను వ్రాయించునా?” అని ఆయన అడిగిరి. “వ్రాయింపవలెను. అందుకే చట్టము కావలెననుచున్నాను, గీత కాదు” అని ఆమె యనెను.

అప్పుడు నేను నోరు మెదపక ఉండలేకపోయితిని. మన దేశమున 2020 మార్చి 25న వెలువడిన టెలీమెడిసిన్ మార్గదర్శకములు, రిజిస్టరైన డాక్టరు దేశమందెక్కడి రోగికైనను దూరమునుండి వైద్యము చేయవచ్చునని చెప్పినవి. శ్రీకాకుళపు రోగిని ఢిల్లీ డాక్టరు చూచుటకు వేరొక లైసెన్సు పని లేదు. చిత్తూరు జిల్లాలోని అరగొండయను పల్లెలో 2000 సంవత్సరముననే ఉపగ్రహము ద్వారా దూరవైద్యము మొదలైనది. దానిని లాంఛనముగా ప్రారంభించినవారు ఆ మార్చిలో హైదరాబాదునకు వచ్చిన అమెరికా అధ్యక్షుడు క్లింటనుగారే. ఒక పల్లెకు ఆకాశమార్గమున వైద్యము తెచ్చుటను ఆశీర్వదించిన ఆ పెద్దమనిషి దేశమున, నలుబదిమైళ్ల ఆవలనున్న తల్లికి అది అందకుండుట నాకు వింతగా నున్నదని అంటిని.

మామగారు నావైపు తిరిగి, “అది బాగున్నది. కాని మీ శ్రీకాకుళపు రోగికి ఢిల్లీ డాక్టరువలన కీడు జరిగినచో ఫిర్యాదు ఎక్కడ పెట్టుకొనవలెను?” అని అడిగిరి. డాక్టరు ఏ రాష్ట్రపు వైద్యమండలిలో నమోదైయున్నాడో అచటనే అని నేను చెప్పవలసివచ్చినది. “అనగా ఆ పల్లెటూరి మనిషి ఢిల్లీకి పోవలెను, తనది కాని భాషలో అర్జీ వ్రాయవలెను. డాక్టరు తన యింట కూర్చుండి గెలుచును. వైద్యమును రోగి గడపకు తెచ్చితిరి. న్యాయమును డాక్టరు గడపకు చేర్చితిరి. నా వాదమంతయు ఇంతే.” నేను మారు పలుకలేకపోయితిని. మన దేశపు ఉదారత నాకు ప్రియమైనదే, కాని దాని రెండవ ముఖమును నాకు చూపినవారు ఆయనయే.

మేనకోడలు ఈ మాటను పట్టుకొనెను. వాదము మలుపు తిరిగినదిచటనే యని నా నమ్మకము. “అట్లయిన మాజీసైనికుల ఆసుపత్రుల మాట చెప్పండి. 2018లో వచ్చిన నియమము ప్రకారము ఆ సంస్థ డాక్టర్లు ఏ రాష్ట్రమునుండి ఏ రాష్ట్రపు సైనికునైనను చూడవచ్చును. అతడు తన యింటిలోనే ఉన్నను సరే. దానిని మీరెన్నడును తప్పుపట్టలేదే?”

“తప్పుపట్టలేదు. ఏలయనగా అచట డాక్టరు ఎక్కడ ఉన్నను యజమాని ఒక్కడే, రోగి పుస్తకము ఒక్కటే, మొరపెట్టుకొను తలుపు ఒక్కటే. ఆ సైనికుడు తన ఊరి కేంద్రమునకు పోయి అడిగినను సమాధానము చెప్పుదురు.”

“చూచితిరా! మీరు కావలి కాయుచున్నది గీతను కాదు మామయ్యా, ఆ తలుపును. ఆ తలుపు రోగి ఊరిలో ఉంచు చట్టము తెచ్చినచో?”

ఆయన వెంటనే ఒప్పుకొనలేదు. ఒప్పుకొనకుండుటకు ఆయనకు ఇంకొక కారణము కలదు. దానిని బరువైన మాటలతో చెప్పిరి. 2022 జూనులో సుప్రీంకోర్టు గర్భస్రావపు హక్కును రాజ్యాంగమునుండి తొలగించిన పిమ్మట, ఒక రాష్ట్రమున వైద్యమైనది పొరుగురాష్ట్రమున నేరమైనది. ఆ యేడే మసాచుసెట్సును, మరుసటి యేడు న్యూయార్కును, దూరమునుండి అట్టి మందులను వ్రాయు తమ డాక్టర్లను ఇతర రాష్ట్రముల శిక్షలనుండి కాపాడు చట్టములు చేసినవి. “జ్వరము విషయమున రాష్ట్రములు ఏకమగును; ధర్మము విషయమున కావు. గీత దాటిన డాక్టరు ఎవరి ధర్మమునకు కట్టుబడవలెను? రోగి ఉన్నచోటి ధర్మమునకే యని మీ ఒడంబడికయు చెప్పుచున్నది. ఆ వాక్యమును నీవు హృదయపూర్వకముగా ఒప్పుకొందువా?” అని ఆయన అడిగినపుడు మేనకోడలు చాలసేపు మౌనముగా ఉండెను. “అన్ని రాష్ట్రముల విషయమున ఒప్పుకొనలేను” అని కడకు నిజము చెప్పెను. దీనిని నేనిచట తీర్చబోను. కాని ఈ చిక్కు తీరువరకు తెలుగుతల్లి నిద్రమందును, క్యాన్సరు వచ్చిన యొక పిల్లవాని తరువాతి పరీక్షలను ఆపియుంచుట న్యాయము కాదని మాత్రము గట్టిగా చెప్పగలను. 2023 డిసెంబరులో న్యూజెర్సీ లైసెన్సు చట్టమును సవాలు చేయుచు ఫెడరల్ కోర్టున వ్యాజ్యము వేసినవారిలో అన్యరాష్ట్రములలోని వైద్యనిపుణులు ఉన్నారు, వారిచేత చికిత్స పొందిన రోగులును ఉన్నారు. అరుదైన వ్యాధి వచ్చినవానికి దేశమంతటను ఆ విద్య తెలిసినవారు పదిమందియో, ఇరువదిమందియో ఉందురు. వారందరును అతని రాష్ట్రముననే పుట్టియుండవలెనన్న అది జరుగునా?

సాయంకాలమునకు మేనకోడలు లోపలినుండి కొన్ని కాగితములు తెచ్చి మామగారి ముందుంచెను. అది ఫ్లోరిడా రాష్ట్రము 2019లో చేసిన చట్టము. ఫ్లోరిడా అను పేరు వినగానే ఆయన ముఖము చిట్లించుకొనిరి; అది సహజమే. కాని కళ్లజోడు పెట్టుకొని చదువసాగిరి. అన్యరాష్ట్రపు డాక్టరు పూర్తి లైసెన్సు లేకుండనే, పేరు నమోదు చేసికొని ఫ్లోరిడా రోగులను దూరమునుండి చూడవచ్చును. అచట కార్యాలయము తెరువరాదు. గత అయిదేండ్లలో ఏ బోర్డుచేతను శిక్షింపబడి ఉండరాదు. రోగికి కీడు జరిగినచో పరిహారమునకు బీమా ఉండవలెను. కోర్టు సమనులు తీసికొనుటకు ఆ రాష్ట్రములోనే ఒక ప్రతినిధిని నియమింపవలెను. అతని పేరు, శిక్షల చరిత్ర జనులందరును చూచునట్లు ప్రభుత్వము ప్రకటించును. ఈ నియమములను ఆయన త్వరగా చదువుకొని పోయి, ఒకచోట ఆగిరి. వ్యాజ్యము రోగి నివసించు కౌంటీలోనే వేయవచ్చునను వాక్యమది. దానిని రెండుమారులు చదివి, జేబులోని పెన్సిలు తీసి, క్రింద సన్నని గీత గీచిరి.

“ఇది వ్రాసినవాడు ఎవడో రోగిని తలచుకొని వ్రాసెను” అనిరి. “కాని మత్తుమందుల విషయమున నేను కదలను. మొదటిసారి ఎదుట కూర్చుండి చూడవలెను. ఆ తల్లికి నీవు వ్రాయు నిద్రమందులలో అట్టివి ఉన్నచో, మొదటిసారి కారు ఇక్కడివరకు రావలెను.”

“మొదటిసారి వచ్చినది, మామయ్యా. ఈ ఇంటి వరండాలోనే కూర్చున్నది. మీరు చెప్పక మునుపే.”

ఆయన ఏదియో అనబోవునంతలో లోపల ఫోను మ్రోగినది. ఆమె గడియారము చూచుకొని గబగబ పోయినది. తలుపు పూర్తిగా పడలేదు, సందులోనుండి ఆమె మాట వినబడినది: “నమస్కారమండీ అమ్మగారూ! ఇప్పుడు మీరెక్కడ ఉన్నారు? కారులోనేనా? అబ్బాయి దిగెనా? ఎండగా ఉన్నదేమో, ఆ అద్దము కొంచెము దించుకొనండి. ఆఁ, ఇప్పుడు చెప్పండి.”

మామగారు కాగితములను ఒడిలోనుండి తీసి బల్లమీద పెట్టి, మెల్లగా లేచి, ఆ తలుపును శబ్దము కాకుండ దగ్గరకు లాగి వచ్చి కూర్చుండిరి. “రోగి మాట మన చెవిని పడరాదు” అని నాతో అని, మరల పెన్సిలు చేతికి తీసికొని, తరువాతి పుట త్రిప్పిరి.